ఊఁ కొట్టేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

తెలుగిళ్ళలో కథ చెప్పడానికి ఒక కట్టుబాటు ఉంది. చెప్పేవారు ఒక్కో మాట దగ్గర ఆగుతారు. వినేవారు "ఊఁ" అనాలి. ఊఁ వినబడకపోతే "నిద్రపోయావా?" అని అడుగుతారు. దానికీ బదులు రాకపోతే కథ అక్కడ ఆగి మర్నాటి రాత్రికి వాయిదా పడుతుంది. దీన్నే ఊఁ కొట్టడం అంటాం. ఈ పాఠం ఆ చిన్న శబ్దం గురించే.

మన కథాగాన కళల్లోనూ ఈ ఊఁ కొట్టేవారికి పెద్ద పీటే ఉంది. బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు, భుజాన తంబురా, చేతివేళ్ళకు అందెలు. అతనికి అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండోవాడు లోకం తీరు మీద చురకలు వేస్తాడు. కథకుడు ఊపిరి తీసుకునే వ్యవధిలో కథ చల్లారకుండా కాపాడేది వాళ్ళే. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ (1920–1997) ఈ కళలో మహా కథకుడు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. తెలంగాణలో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే ఒగ్గు కథకూ పక్కన మాట కలిపేవాడు ఉండాల్సిందే. హరికథలో మాత్రం దాసుగారు చిడతలు పట్టుకుని ఒక్కరే నిలబడతారు. అయినా మధ్యమధ్య గోవింద చెప్పించి సభనంతా వంతగా మార్చేసుకుంటారు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) ఆ హరికథను మహోన్నతమైన కళగా నిలబెట్టారు.

ఇక మన సంగతికి వద్దాం. నాన్నకో అమ్మకో బదిలీ అవుతుంది. అమ్మమ్మ ఊళ్ళోనే ఉండిపోతుంది. క్వార్టర్స్‌లో పక్కింటివాళ్ళది ఒక భాష, ఎదురింటివాళ్ళది మరో భాష. మేము పనిచేసిన ప్రతిచోటా పిల్లల నోట ఒకే మాట విన్నాం: "తెలుగు అర్థమవుతుంది టీచర్, మాట్లాడటమే రాదు." చదవడం, రాయడం మేము నేర్పగలం. కానీ ఐదు నిమిషాలపాటు ఆగకుండా ఒక సంగతి చెప్పుకుపోయే శక్తి పాఠ్యపుస్తకంతో రాదు. అది కథ చెబితే వస్తుంది. కథ చెప్పాలంటే ఊఁ కొట్టేవాళ్ళు కావాలి. వాళ్ళను వెతుక్కోవాలి.

మొదట మనమే ఊఁ కొడదాం. ఆదివారం అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి, వాళ్ళు చిన్నప్పుడు విన్న కథ ఒకటి చెప్పమనండి. (వీడియో కాల్‌లో మన ఊఁ కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఫోను కట్టయిందేమోనని పెద్దవాళ్ళు కంగారు పడతారు. కాబట్టి కాస్త గట్టిగానే అనండి!) వాళ్ళ అనుమతి అడిగి రికార్డు చేసుకోండి. చివర్లో నాలుగు వివరాలు చెప్పించండి: వాళ్ళ పేరు, ఊరు, ఆ కథ ఎవరి దగ్గర విన్నారు, అప్పుడు వాళ్ళ వయసెంత. ఈ నాలుగూ లేని రికార్డు పదేళ్ళు పోయాక ఎవరి గొంతో తెలియని గొంతుగా మిగులుతుంది. ఇంకొక్కటి. శ్రీకాకుళం మాట శ్రీకాకుళం మాటలాగే, నిజామాబాదు మాట నిజామాబాదు మాటలాగే ఉండనివ్వండి. దాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్దకండి.

రెండోది, ఉన్నచోట తెలుగువాళ్ళు. మనం అనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో రైల్వే పనుల కోసం వెళ్ళిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. చాలా పెద్ద ఊళ్ళలో తెలుగు సంఘం ఒకటి ఉండి, ఉగాదికైనా కలుస్తుంది. ఆ ఉగాది వేదిక మీద పిల్లలకు సినిమా పాటల డాన్సులకే చోటు దొరకడం మాకు నచ్చదు. ఒక్క పది నిమిషాలు కథకు ఇమ్మని మీ అమ్మానాన్నల చేత అడిగించండి. కాదనేవాళ్ళు తక్కువ.

కథలు ఎక్కడివి అంటారా, అవి బోలెడు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి విజయవాడ, హైదరాబాదు కేంద్రాలను ఏ రాష్ట్రం నుంచైనా వినవచ్చు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు. కాశీకి నడిచివెళ్ళే ఒక యతి, తోడుగా వచ్చే గోపకుమారుడికి ప్రతి మజిలీలోనూ ఓ కథ చెప్పాలి, అదీ ఒప్పందం. బదిలీల పిల్లలకు ఇంతకంటే తగిన పుస్తకం మాకు కనిపించలేదు. భాష పాతది కాబట్టి పెద్దవాళ్ళ సాయంతో చదవండి. రంగురంగుల కార్టూన్ల నీతికథల వీడియోలు చూడటానికి సరే, వాటి నుంచి కథ చెప్పడం మాత్రం నేర్చుకోకండి. ఆ గొంతు ఎవరి ఊఁ కోసమూ ఆగదు.

ఇప్పుడున్న ఊరినీ విడిచిపెట్టకండి. ఛత్తీస్‌గఢ్‌లో ఉంటే పాండవానీ వినండి. తీజన్ బాయి గారికి 2019లో పద్మవిభూషణ్ వచ్చింది ఆ కళకే. కథకురాలు మాట విసిరితే పక్కనున్న 'రాగీ' అందుకుంటాడు. రాజస్థాన్‌లో కథ వినేవాడు పలికేదాన్ని 'హుంకారా' అంటారు. తమిళనాడు విల్లుపాటలో పక్కవాళ్ళు "ఆమా" అంటారు. అన్నీ మన ఊఁకు చుట్టాలే. పక్కింటి స్నేహితుడి కథ వాళ్ళ భాషలో వినండి, మీ కథ అతనికి హిందీలో చెప్పండి. మార్చి 20 ప్రపంచ కథాకథన దినం. ప్రార్థన సమావేశంలో ఓ కథకు అవకాశం అడగడానికి మంచి సాకు.

ఇక ఇంటిపని. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపల కథ తీసుకోండి. బట్టీ పట్టవద్దు. ఎండని చేప ఎవరిమీద నెపం వేసింది, వాళ్ళు మళ్ళీ ఎవరిమీద వేశారు, ఆ వరుస ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. గడ్డిమేటు, ఆవు, గొల్లవాడు, అవ్వ, ఏడ్చే పిల్లాడు, చీమ. మాటలు వాటంతటవే వస్తాయి. ఒకటో తరగతి పిల్లలెవరినైనా కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి, ఊఁ వచ్చేదాకా ముందుకు కదలకుండా చెప్పండి. అదే కథను మీ ఇంట్లో ఇద్దరు పెద్దలను అడగండి. వరుసలో ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. ఒకరికి గడ్డిమేటు గడ్డిమోపు అవుతుంది, గొల్లవాడు పాలేరు అవుతాడు. ఏ తేడా ఏ ఊరిదో రాసి తీసుకురండి, తరగతి గోడమీద పటం వేలాడదీసి ఆ ఊళ్ళ దగ్గర ఒక్కొక్కటే అంటిద్దాం.