మెయిల్‌కి జవాబు రాకపోతే మళ్లీ అడగొచ్చా?

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. సైబర్ మోసాల గురించి విద్యార్థులకు ప్రసంగాలు ఇవ్వాలని చాలా ఇంజినీరింగ్ కాలేజీలకు మెయిల్ పెట్టాను. ఒక్కరూ పలకలేదు. మళ్లీ అడిగితే చులకనవుతానేమో!
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చులకనేమీ కాదండీ. మౌనం అంటే వద్దని కాదు. మీ మెయిల్ బహుశా ప్రిన్సిపాల్ ఇన్‌బాక్స్‌లో అడుగున పడి ఉంటుంది. ఇలాంటి కార్యక్రమాలు చూసేది ఎక్కువగా ఎన్‌ఎస్‌ఎస్ అధికారి, ప్లేస్‌మెంట్ అధికారి లేదా విభాగాధిపతి. ముందు కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేసి ఆ బాధ్యత ఎవరిదో కనుక్కుని, అదే మెయిల్ వాళ్లకు పంపండి.

వారం ఆగి వాళ్లకే చిన్న వాట్సాప్ సందేశం పంపండి. ‘నా మెయిల్ చూశారా?’ అని మాత్రం అడక్కండి, అది అప్పు వసూలులా ఉంటుంది! ఈసారి కొత్తదేదైనా ఇవ్వండి: మీరు మాట్లాడిన రెండు నిమిషాల వీడియో, లేదా ‘డబ్బు పోయిన వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఏం చెప్పాలి’ లాంటి సూటి అంశం. తేదీ కూడా మీరే సూచించండి. సెప్టెంబరు 15 ఇంజినీర్స్ డే, జనవరి 12 యువజన దినోత్సవం. నెలన్నర ముందే మాట కదపాలి. పరీక్షలప్పుడు వద్దు.

మూడోసారీ పలకకపోతే, వచ్చే సెమిస్టర్‌లో ఎప్పుడు అడగమంటారో ఒక్క మాట అడిగి ఊరుకోండి.

ఒకసారి పిలిచినవాళ్లు మళ్లీ పిలవడం లేదంటే మాత్రం లోపం ప్రసంగంలో ఉండొచ్చు. అప్పుడు మీ ప్రసంగం వీడియోతో ఎవరైనా వక్తృత్వ శిక్షకుణ్ని నేరుగా కలవండి.