పాత కత్తికి సాన పడితే ధర పడును

గుత్తి కోట 1776లో మురారిరావు ఘోర్పడే చేజారి హైదర్ అలీ వశమైనది. ఆనాటి కత్తి బేరానికి వస్తే వర్తకులు మెరుపు చూసి మోసపోరాదు. వాదరకు పడిన గంటు, పిడి అరుగుదల ధరను కొంతే తగ్గించును. సానపట్టిన సరుకులో ఉక్కు నీటిచారలు, బంగారు అక్షరాలు అరిగిపోవును. ఆ అక్షరాలు మళ్ళీ రావు, పాత ధర పలకదు.

పిడి మార్పు అన్నివేళలా లోపం కాదు. మరాఠా ‘ఫిరంగి’ కత్తులకు ఐరోపా అలుగు, దేశవాళీ పిడి ఆనాడే అమర్చినవి. నిన్నమొన్న అతికినదైతే లోపమే. పిడి మొదట కొత్త లక్క కనబడితే ఆరా తీయవలెను.

2023లో లండన్ వేలంలో టిప్పు కత్తి సుమారు 1.40 కోట్ల పౌండ్లు పలికినది. కొత్తగా పేరు చెక్కించిన కత్తికి ఆ ఆశ వద్దు. నూరేళ్ళు దాటిన కత్తుల వ్యాపారానికి 1972 చట్టం ప్రకారం లైసెన్సు ఉండవలెను. ప్రైవేటు ఎగుమతి నిషిద్ధం.