కథ మాట నిలబెట్టుకుందా? మీరే తేల్చండి!

కొత్త నవల చదివారు. ఫ్రెండ్ అడిగాడు, "ఎట్లుంది?" మీరన్నారు, "మస్తుంది." అంతే!

అక్కడ ఆగకండి. ఎక్కడ మస్తుంది? ఎందుకు మస్తుంది? ఈ రెండింటికీ జవాబు రాయగలిగితే మీరు రివ్యూయర్ అయినట్టే.

"మేముండేది నారాయణఖేడ్ దగ్గర కల్హేర్‌లో. రివ్యూలు హైదరాబాద్ వాళ్ల పని" అంటారా? ఆ ఆలోచన ఇప్పుడే వదిలేయండి. నిక్కచ్చి విమర్శకు పేరుపడ్డ రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో 'సంవేదన' పత్రిక మొదలుపెట్టింది కడపలో. 2023లో తక్కెడశిల జానికి సాహిత్య అకాడెమీ యువ పురస్కారం తెచ్చిన 'వివేచని' సాహిత్య విమర్శ పుస్తకమే. ఊరు అడ్డం కాదు. వయసూ అడ్డం కాదు.

ఒకే సూత్రం

ప్రతి కథా మొదటి పేజీల్లోనే పాఠకుడికి ఒక మాట ఇస్తుంది. దాన్ని నిలబెట్టుకుందా? రివ్యూ అంటే ఇదే. జానర్ మారితే ఆ మాట మారుతుంది, మీ ప్రశ్నా మారాలి.

* డిటెక్టివ్: క్లూలన్నీ మీ ముందు పెట్టారా? చివర్లో కొత్త మనిషిని తెచ్చి హంతకుడన్నారా?
* హారర్: పేజీ పేజీకీ భయం పెరిగిందా? రక్తంతో సరిపెట్టారా?
* ప్రేమకథ: ఇద్దరి మధ్య అడ్డు నిజమైనదేనా? ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయేదా?
* చారిత్రకం: మనుషులు ఆ కాలపు వాళ్లలా ఆలోచించారా?
* సైన్స్ ఫిక్షన్: తాను పెట్టిన రూల్స్ తానే తప్పిందా?

డిటెక్టివ్ నవలలో కవిత్వం లేదని మార్కులు తగ్గించకండి. అది ఇవ్వని మాటను అడగడం అన్యాయం.

మీ దగ్గరున్న బలం

రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం 'ధావ్లో'కు 2024లో యువ పురస్కారం వచ్చింది. అందులో ఉన్నది గోర్ బంజారా జీవితం. నారాయణఖేడ్ చుట్టూ తండాలే కదా! చెరుకు కోతకు వలసపోయే కుటుంబాలు మీకు తెలుసు. తీజ్ పండుగ తెలుసు. కథలో తండా సరిగ్గా పలికిందా అన్నది మీకంటే బాగా ఎవరు చెప్పగలరు? మీ అనుభవమే మీ క్వాలిఫికేషన్. వాడండి.

అయిదు అలవాట్లు

1. పెన్సిల్ పట్టుకుని చదవండి. కదిలించిన చోటు, విసుగొచ్చిన చోటు, రెండు పేజీ నంబర్లూ రాసుకోండి.
2. కథాసారం నాలుగు వాక్యాల్లో ముగించండి. సస్పెన్స్ విప్పకండి.
3. ఒక గుణం, ఒక లోపం చెప్పండి. రెండింటికీ పుస్తకంలోంచే రుజువు చూపండి.
4. రచనను విమర్శించండి. రచయిత జోలికి పోకండి. స్నేహితుడి పుస్తకమైనా కొలత మార్చకండి.
5. నెలకో జానర్ మార్చండి. మీకు నచ్చనిదే ముందు తీయండి. మైండ్‌సెట్ మారేది అక్కడే!

ఈ అలవాట్లు పాటిస్తే మీరు రుజువు లేనిదే నమ్మరు. రుజువు లేనిదే అనరు. ఈ రెండూ ఒంటబడితే ఇంటర్వ్యూలో, గ్రామసభలో, ఇంట్లో మీ మాటకు బరువొస్తుంది.

ఈ నెలే ఒక కొత్త పుస్తకం తెచ్చుకోండి. మొదటి రివ్యూ ఒక్క పేజీ చాలు. అందులో ప్రతి అభిప్రాయం మాత్రం మీ సొంతమై ఉండాలి!