మరణశాసనము

విద్యార్థులారా! ఒకడు తన మరణానంతరము ఆస్తి ఎవరికి చెందవలెనో తెలుపుచు వ్రాయు పత్రమే మరణశాసనము. వాడుకలో దీనిని వీలునామా అందురు. ఇందు దాత యొక్క సదుద్దేశ్యము ఒక్కటే చాలదు.

చెన్నపట్నమున పచ్చయప్ప మొదలియారు అను ధనికుడు 1794లో మరణించుటకు ముందు, తన సొమ్మును దైవకార్యములకును ధర్మములకును ఉద్దేశించి మరణశాసనము వ్రాసెను. ఆ సొమ్ము చిరకాలము వివాదములలో చిక్కుకొనెను. తుదకు న్యాయస్థానపు నిర్ణయముచే మిగులు ధనము విద్యకు వినియోగపడి, 1842లో ఆయన పేరిట పాఠశాల వెలసెను. దాత గతించిన 48 ఏండ్లకు గాని బాలురకు ఆ ఫలము అందలేదు. కావున అమలు జరుపువారిని ఎన్నుకొనుటయందు జాగరూకత అవసరము.

1925 నాటి భారత వారసత్వ చట్టము హిందువుల వీలునామాలకును వర్తించును. వ్రాయించువాడు స్వస్థచిత్తుడై, యుక్తవయస్కుడై యుండవలెను. అతని సంతకమునకు ఇద్దరు సాక్షులైనను ఉండవలెను. ఆస్తి పొందువారిని సాక్షులుగా నుంచకుండుట మేలు. రిజిస్ట్రేషను విధి కాదు గాని, చేయించిన బలము హెచ్చును. బ్రదికియున్నంతకాలము దానిని మార్చుకొనవచ్చును, కడపటిదే చెల్లును.

పరభాషా ప్రాంతమున నివసించు మనము ముఖ్యముగా ఎరుగవలసినది ఒకటి కలదు. వీలునామా తెలుగులోనే వ్రాయవచ్చును. రిజిస్ట్రేషనుకు స్థానిక భాషలో అనువాదము జతపరుపవలసి రావచ్చును. తమకు రాని భాషలో ఇతరులు వ్రాసినదానిపై పెద్దలు వ్రేలిముద్ర వేయుట ప్రమాదకరము. ఈ మాట మీ ఇండ్లలో చదివి వినిపింపుడు.