స్పర్శ తగ్గిన పాదమునకు తగిన జోడు

చెప్పుల దుకాణమునకు పోయిన వారందరును చేయు పని ఒక్కటే. జోడు తొడిగి, నాలుగడుగులు వేసి, "ఎక్కడను కరచుట లేదు, హాయిగా నున్నది" అని చెప్పి డబ్బు చెల్లింతురు. ఈ వ్యవహారములో సాక్షి పాదమే, తీర్పు చెప్పునదియు పాదమే. ఆరోగ్యవంతుల విషయములో ఈ పద్ధతికి దోషము లేదు. కాని మధుమేహము పది పదునైదేండ్లుగా నిలచియున్న శరీరములో ఈ సాక్షి మెల్లమెల్లగా మూగపోవచ్చును. రక్తములో చక్కెర హెచ్చుగా నుండుటచే పొడవైన నరముల కొనలు ముందుగా చెడును. శరీరములో అన్నిటికంటె పొడవైన నరములు కాలివ్రేళ్ళకు పోవునవే గనుక నష్టము అచ్చటనే మొదలై పైకి ప్రాకును. మేజోడు తొడిగినంత మేర తిమ్మిరిగా నున్నదని రోగులు చెప్పుట ఇందువలననే.

ఇంతకంటె వింతయైన సంగతి మరొకటి కలదు. స్పర్శ తగ్గినవానికి సరియైన కొలత గల జోడు తొడిగినచో అది కాలికి ఉన్నట్లే తోచదు. జారిపోవునేమో అని దానిని తిరిగి ఇచ్చివేయును. ఒక కొలత తక్కువైన బిగుతు జోడు తొడిగినప్పుడే "ఇప్పుడు సరిపోయినది" అనును. ఆ నరములు గుర్తింపగలిగినది బిగుతు నొక్కదానినే. ఆ బిగుతే సాయంకాలమునకు చిటికెనవ్రేలి ప్రక్కన బొబ్బయగును. నొప్పి లేదు గనుక మరునాడును అదే జోడు తొడుగును. మూడవనాటికి మేజోటిపై మరక కనిపించును. మధుమేహులలో నూటికి 19 నుండి 34 మందికి జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు పాదమున పుండు పడునని వైద్యుల అంచనా. వ్రేలు గాని, పాదము గాని, మోకాలి దిగువ కాలు గాని తీసివేయవలసి వచ్చినప్పుడు వెనుకకు పోయి విచారించినచో తరచుగా ఇట్టి చిన్న పుండే మొదట కనిపించును. కావున ఈ పాదమునకు జోడు ఎన్నుకొనునప్పుడు సాక్షిని మార్చుకొనవలెను. కాలు చెప్పినదానిని గాక కన్ను చూచినదానిని, చేయి తడవినదానిని, కాగితము కొలిచినదానిని నమ్మవలెను.

స్పర్శ ఎంతవరకు తగ్గినదో తెలిసికొనుటకు ఇంటిలోనే చేయదగిన పరీక్ష యొకటి యున్నది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణ వైద్యులు దీనిని 2011లో ప్రకటించిరి; ఆ ఊరి పేరే దీనికి నిలిచినది. రోగి కన్నులు మూసికొని పరుండవలెను. ఇంటివారెవరైనను చూపుడువ్రేలి కొనతో రెండు పాదములందును బొటనవ్రేలి కొనను, నడిమివ్రేలి కొనను, చిటికెనవ్రేలి కొనను ఒకటి రెండు సెకండ్లు తేలికగా తాకవలెను. నొక్కరాదు, గోకరాదు, తెలియలేదని మరల తాకరాదు. ఆరు తాకుళ్ళలో రెండుగాని అంతకు మించిగాని తెలియకపోయినచో ఆ పాదమునకు ప్రమాదము కలదనియే అర్థము. వైద్యశాలలలో ఇదే పనిని 10 గ్రాముల ఒత్తిడికి వంగునట్టి నైలాను పోగుతో చేయుదురు. ఇంటిలో మనుమరాలు ఆటగా చేసినను పరీక్ష పరీక్షయే.

కొందరికి మాత్రము పాదములు మంటలు మండును, రాత్రివేళ దుప్పటి తగిలినను ఓర్వలేరు. వీరు తమకు స్పర్శ ఎక్కువయ్యెనని భావింతురు. మంట, తిమ్మిరి రెండును ఒకే పాదములో ఉండవచ్చునని వారికి తెలియదు. మంట చల్లారుటకై చెప్పులు విడిచి చల్లని గచ్చుపై నడచువారికే మేకులు, గాజుపెంకులు తెలియకుండ దిగుచుండును.

ఈ పాదమునకు చేయదగిన చెప్పు ఎక్కడనో విదేశములలో పుట్టినది కాదు. పాల్ బ్రాండ్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు 1914లో తమిళనాడులోని కొల్లిమలలో జన్మించినవాడు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనికి చేరెను. కుష్ఠువ్యాధి చేతనే వ్రేళ్ళు కుళ్ళి రాలిపోవునని అప్పటి నమ్మకము. ఆయన రోగులను వెంబడించి పరిశీలింపగా, వారి పాదములను చెరచునది వ్యాధి కాదు, నొప్పి లేకపోవుట అని తేలినది. పెద్ద దెబ్బ కూడ అక్కరలేదు. ఆరోగ్యవంతుడు చాలదూరము నడచినప్పుడు తనకు తెలియకనే కొంచెము కుంటును, బరువు మరొక ప్రక్కకు మార్చును. స్పర్శ లేనివాడు అట్లు మార్చడు. వేయి అడుగులును ఒకే చోట మోపును. ఆ చోటనే లోపలి కండ నలిగి పుండగును.

వెల్లూరులోను, దాని చెంతనే యున్న కరిగిరి ఆసుపత్రిలోను ఆ వైద్యులు సన్నని గాలిబుడగలతో నిండిన మెత్తని రబ్బరుపలకతో చెప్పులు చేయించిరి. దీనినే మైక్రోసెల్యులార్ రబ్బరు, పొట్టిగా ఎం.సి.ఆర్. అందురు. పాదము మోపినచోట ఈ రబ్బరు అణగి బరువును అరికాలంతటికి పంచును. దానిక్రింద ముల్లు, మేకు దూరకుండ గట్టి రబ్బరు అట్ట అంటింతురు. మేకులు కొట్టి బిగించిన చెప్పు పనికిరాదు, అంటించినదో కుట్టినదో కావలెను. 1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి పోయిన పిమ్మట మధుమేహుల పాదములలోను ఇదే కథ నడచుచున్నదని గుర్తించెను. కుష్ఠురోగులకై పుట్టిన చెప్పు మధుమేహులకు వచ్చినది ఇట్లు. ఈ పుట్టుక తెలిసినవారు కొందరు ఎం.సి.ఆర్. చెప్పు అనగానే నలుగురేమందురో అని మొగము ముడుచుకొందురు. ఇప్పుడు ఇవి మామూలు చెప్పులవలెనే పలురంగులలో, పలు తీరులలో దొరకుచున్నవి. చూచినవారు పోల్చుకొనుట కష్టము.

ఇక కొలత మాట. ఏడు, ఎనిమిది అని జోటిపై నుండు బ్రిటిషు అంకెలు పొడవునే చెప్పును. ఒక అంకెకును మరొక అంకెకును భేదము అంగుళములో మూడవవంతు; పూర్వము ఒక బార్లీగింజ పొడవును బట్టి ఏర్పరచినది. వెడల్పును గూర్చి ఆ అంకె ఏమియు చెప్పదు. చెన్నైలోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ 2021 డిసెంబరు మొదలు 2022 మార్చి వరకు దేశములో 79 చోట్ల లక్షమందికి పైగా పాదములను కొలిపించినది. ఐరోపా, అమెరికా వారి పాదములకంటె మనవారి పాదములు వెడల్పని అందులో తేలినది. దానిని బట్టి "భ" అను పేరుతో మన దేశమునకు ప్రత్యేకమైన కొలతల పద్ధతి ప్రతిపాదింపబడినది. (సంస్థ పేరులో చర్మమున్నదని జైనులు వెనుదీయనక్కరలేదు, కొలతకు చర్మముతో పనిలేదు.) వెడల్పు పాదము గలవాడు ఏడవ కొలత బిగుతైనచో తొమ్మిది కొని వెడల్పును సాధించుచున్నాడు. అప్పుడు మడమ వదులై రాచుకొనును. జోడు వంగు చోటును పాదము వంగు చోటును కలియవు.

దీనికి మందు తెల్లకాగితము. పగలంతయు తిరిగిన కాలు సాయంకాలమునకు కొంత వాచియుండును గనుక ఆవేళనే కొలువవలెను. కూర్చుండి గాక నిలువబడి, బరువంతయు మోపి, పెన్సిలును నిటారుగా పట్టించి రెండు పాదముల చుట్టును గీత గీయించవలెను. రెండును సమముగా నుండుట అరుదు. పెద్దదానినే లెక్కకు తీసికొనవలెను. ఆ బొమ్మను కత్తిరించి దుకాణమునకు తీసికొనిపోయి జోటిలో దూర్చి చూడవలెను. అంచులు మడిగినచో ఆ జోడు ఇరుకు. లోపలి మెత్త పైకి వచ్చునదైనచో దానిని తీసి నేలపై వేసి దానిమీద నిలుచుండవలెను. పాదము అంచు దాటి పొర్లినచో ఇక తొడిగి చూడనక్కరలేదు. అన్నిటికంటె పొడవైన వ్రేలికి ముందు 1 నుండి 2 సెంటీమీటర్ల ఖాళీ ఉండవలెను. ఆ వ్రేలు బొటనవ్రేలే కానవసరము లేదు, పెక్కుమందికి రెండవవ్రేలు పొడవు. వ్రేళ్ళు పైకి వంగియున్నవారికి వెడల్పుతోపాటు ఎత్తును చూడవలెను. లేనిచో కణుపులు జోటికప్పునకు రాచుకొనును.

బొటనవ్రేలికిని ప్రక్కవ్రేలికిని నడుమ పట్టీ గల హవాయి చెప్పు ఈ పాదమునకు పగ. రబ్బరు పట్టీ ఆ సందునే కోయును, ఆ సందునే కన్ను చూడదు. వెనుక పట్టీ లేని చెప్పును నిలుపుకొనుటకు వ్రేళ్ళు ఎల్లవేళల ముడుచుకొనవలెను. స్పర్శ లేనివానికి అది జారిపోయిన సంగతియే తెలియక ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చుట కలదు. ముందు వెడల్పు, వెనుక మడమపట్టీ, పైన వెల్క్రో అతుకు గల సాండలు మేలు. వాపు హెచ్చినప్పుడు వెల్క్రోను వదులు చేసికొనవచ్చును. మూసిన బూటు కావలసినవారు లోపలికి చేయి పోనిచ్చి కుట్లు, ముడుతలు, జిగురుగడ్డలు తగులునేమో తడవి చూడవలెను.

తోలు వాడని కుటుంబములకు ఇందులో ఊరట కలదు: మెత్తని అట్ట రబ్బరుదే. పైకప్పు గుడ్డతో గాని సాగునట్టి అల్లికతో గాని చేసినది దొరకును. వెడల్పు పాదమునకు సాగు అల్లిక తోలుకంటెను అనుకూలము. రెక్సిను చవుకయే గాని గాలి ఆడనీయదు, చెమటకు వ్రేళ్ళసందులు నాని చిరుగును. గుడ్డబూటు అని చెప్పి అమ్మినదానిలో లోపలి పొర తోలుదై యుండుటయు కలదు. 1994 నాటి ఐరోపా నియమమును బట్టి పెక్కు జోళ్ళపై చిన్న గుర్తులు ముద్రింతురు. పరచిన పశుచర్మపు ఆకారము తోలునకు, అల్లిక ఆకారము గుడ్డకు, నాలుగు పలకల వజ్రాకారము ఇతర పదార్థములకు గుర్తు. పైకప్పునకు, లోపలి పొరకు, అడుగు అట్టకు వేర్వేరుగా గుర్తులుండును. మూడును చదువవలెను.

జోడు ఎంత మంచిదైనను దేవాలయపు గడపవద్ద విడువవలసినదే. మధ్యాహ్నవేళ ఎండలో కాగిన రాతిబండలపై ప్రదక్షిణము చేసి, సాయంకాలము అరికాలి నిండ బొబ్బలు చూచికొన్న మధుమేహులను పాదవైద్యులు ఏటేట చూచుచునేయున్నారు. మిగిలినవారు గబగబ పరుగెత్తు చోట వీరు నెమ్మదిగా నడతురు. శ్రావణబెళగొళలో వింధ్యగిరి నెక్కుటకు రాతిలో తొలిచిన మెట్లు దాదాపు 650. పాదరక్షలతో ఎక్కరాదు, మేజోళ్ళకు మాత్రము ఆటంకము లేదు. కొండదిగువన అమ్ముదురు కూడ. నున్నని బండపై జారకుండ అడుగున రబ్బరుచుక్కలున్న మందపు మేజోళ్ళు ధరించి, ఎండ ముదరకముందే ఎక్కి దిగి, దిగినవెంటనే పాదములు చూపించుకొనవలెను. మునుపు పుండుపడి మానినవారు మెట్లను తలపెట్టక డోలీని ఆశ్రయించుట యుక్తము. చాతుర్మాస్యములో చెప్పులు విడుతునని నియమము పట్టదలచినవారు ముందుగా పాదము స్థితిని గురువులకు విన్నవించి, చేయదగిన వేరొక నియమము కోరుకొనుట మంచిది. సామాయికమునకు 48 నిమిషములు కదలక బాసిపట్టు వేసికొను పెద్దలకు వెలుపలి చీలమండ ఎముక గట్టినేలకు ఒత్తుకొని అచ్చటను పుండు పడుట కలదు. ఆసనము దళసరిగా పరచుకొనవలెను.

క్రొత్త జోడును మొదటినాడే పెండ్లికి తొడిగికొని పోరాదు. తొలిరోజు గంటసేపు తొడిగి విడిచి, పాదమంతయు చూడవలెను. ఎఱ్ఱని మచ్చ అరగంటకును మాయకపోయినచో ఆ చోట జోడు ఒత్తుచున్నదన్నమాట. దినదినము గంట చొప్పున పెంచుకొనవలెను. ప్రతిసారి తొడుగుటకు ముందు జోటిని తలక్రిందులుగా దులిపి లోపల చేయిపెట్టి తడవవలెను. గులకరాయి, తాళపుచెవి, మనుమల బొమ్మ ఏదైనను ఉండవచ్చును. మేజోళ్ళు లేతరంగువి, పైన బిగుతు లేనివి కావలెను. లేతరంగుపై రసి, రక్తము వెంటనే కనిపించును. అరికాలు చూచుకొనుటకు వంగలేనివారు నేలపై అద్దము పెట్టుకొందురు. ఆనెకాయలను బ్లేడుతో కోయుట, మందుపట్టీతో కరిగించుట ఎంతమాత్రము పనికిరాదు. ఎం.సి.ఆర్. రబ్బరు నిత్యము వాడగా అణగిపోవును. మడమ మోపు చోట బొటనవ్రేలితో నొక్కినప్పుడు మెత్తదనము లేనిచో, పైకి క్రొత్తగా కనిపించినను దానిని మార్పించవలెను.

ఒక స్థితిలో మాత్రము దుకాణమునకే పోరాదు. గాయమేదియు లేకుండ ఒక పాదము వాచి, ఎఱ్ఱబారి, రెండవదానికంటె చేతికి వెచ్చగా తగిలినచో, నొప్పి లేకున్నను ఆనాడే వైద్యునివద్దకు పోవలెను. ఎముకలు లోలోపల మెత్తబడి విరుగు వ్యాధి అట్లు మొదలగును. దానికి షార్కో పాదమని పేరు. ఆ దశలో కాలికి పూర్తి కట్టువేసి బరువు తప్పించినచో పాదపు ఆకారము నిలుచును. వాపు కదా యని పెద్ద కొలత జోడు కొని తిరిగినచో నడిమిపాదము ఎముకలు నలిగి వంపు క్రిందికి జారును; ఆ పాదమునకు తరువాత అంగడిలోని ఏ జోడును సరిపోదు.