నమూనా రైలుమార్గము – దాని పీఠము

గూడూరు జంక్షన్ నమూనాను ప్రదర్శనకు మోసికొనిపోదలచినచో, పట్టాలకంటె ముందు పీఠమును గురించి ఆలోచింపవలెను. ఒకే పెద్దబల్ల గుమ్మము దాటదు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల రెండు పలకలుగా చేసికొందము.

టేకు చట్రముపై ప్లైవుడ్‌ను ఇత్తడి మరమేకులతో బిగింపవలెను. ఖరీదెక్కువే, కాని మన నెల్లూరు తీరపు ఉప్పుగాలికి ఇనుము నిలువదు. పైభాగమునకే వార్నిషు పూసినచో అడుగుభాగము తేమను పీల్చి పలక వంగును. రెండు వైపులకు, అంచులకు సైతము పూయవలెను.

రెండు పలకలు కలియుచోటే అసలు పరీక్ష. హెచ్.ఓ. కొలతలో పట్టాల నడుమ దూరము 16.5 మిల్లీమీటర్లే, అతుకువద్ద అర మిల్లీమీటరు తేడా వచ్చినను బండి పట్టాలు తప్పవచ్చును. బోల్టులు పలకలను బిగించునే గాని సరిగా కుదుర్చలేవు. ఆ పని ఎదుటి రంధ్రములలో దూరు ఇత్తడి సీలలది. పలకలను కలిపియుంచియే పట్టాలను అతుకుమీదుగా నిటారుగా పరచి, ఇరుప్రక్కల గట్టిగా బిగించి, పిమ్మట సన్నని రంపముతో కోయుదము.