బరువు - బలము

ఉత్తరాంధ్రమున వ్యాయామవిద్య చిరకాలముగ ఆదరము పొందినది. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగ పనిచేసి, పిమ్మట పలుచోట్ల తన బలమును ప్రదర్శించి కీర్తి గడించెను. భోగాపురము మొదలగు తీరగ్రామములలో బాలురు ఇసుకలో కుస్తీలు పట్టుటకు త్రాసుతో పనిలేదు. పోటీలలో పాల్గొనవలెననిన మాత్రము ముందుగ త్రాసు నెక్కవలెను.

కుస్తీ, ముష్టియుద్ధము మున్నగు క్రీడలలో పోటీదారులను బరువునుబట్టి తరగతులుగ విభజింతురు. చిన్నవాడు బలిష్ఠునిచే గాయపడకుండుటకు ఏర్పడిన నియమమిది. కాని పలువురు దీని ఉద్దేశమును మరచిరి. సహజముగ 60 కిలోలున్నవాడు 57 కిలోల తరగతిలో నిలిచినచో, తనకంటె చిన్నవానిని సులభముగ గెలువవచ్చునని తలంచును. ఎదుటివాడును అట్లే తలంచును. తుదకు ఇరువురును నీరసించి బరిలో దిగుదురు.

త్వరగ బరువు తగ్గుటకు వారు అన్నము మానుదురు; నీరు మానుదురు; దళసరి దుస్తులు ధరించి చెమటలు కారునట్లు పరుగెత్తుదురు. ఇందువలన తగ్గునది క్రొవ్వు కాదు, నీరు. నీరు తగ్గగనే రక్తపరిమాణము తగ్గును, గుండెకు శ్రమ హెచ్చును, దేహతాపము పెరుగును. 1997 నవంబరు, డిసెంబరు నెలలలో అమెరికాలో ముగ్గురు కళాశాల విద్యార్థులు ఇట్లే బరువు తగ్గించుకొనుచు మరణించిరి. అటుపిమ్మటనే అచట నియమములు కఠినమయ్యెను.

నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఆ తరగతి లేనందున ఆమె 50 కిలోల తరగతిలో పోటీచేసెను. 2024 ఆగస్టు 1న ఓడిన పిమ్మట, తాను రెండు దినములుగ ఆహారము తీసికొనలేదని ఆమె తెలిపెను. అదే క్రీడలలో వినేశ్ ఫోగట్ ఒక్కదినమున మూడు కుస్తీలు గెలిచియు, మరునాటి ఉదయము 100 గ్రాములు అధికముగ తూగినందున పతకమునకు దూరమయ్యెను.

ఇట్టి ఉపవాసములకు నియమ మొక్కటియే కారణము కాదు. తనయందు లేశమైనను లోపముండరాదను తపనయు కారణమే. తపన లేనిదే విద్య అబ్బదు. కాని ఒక ముద్ద అధికముగ తిన్నందుకు తన్ను తాను దోషిగ నెంచి మరునాడు పస్తుండువాడు తన దేహమునే శత్రువుగ చూచుచున్నాడు. పస్తువలన ఆకలి ఇనుమడించును, అమితముగ తినును, సిగ్గుపడి మరల పస్తుండును. అతడు దీనిని దాచును గనుక తల్లిదండ్రులును, గురువులును కనిపెట్టి వైద్యుని కడకు తోడ్కొనిపోవలెను.

శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరి 1994, 1995 సంవత్సరములలో బరువులెత్తు పోటీలందు 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ నగరమున ఆమె 69 కిలోల తరగతిలో నిలిచి, మొత్తము 240 కిలోల నెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. పెరిగిన బరువు ఆమె విజయమున కడ్డు కాలేదు.

ఎదుగు వయసున చోడి అంబలి, పప్పు, చేపలు, ఆకుకూరలు వేళకు తిని, దాహమైనప్పుడు నీరు త్రాగి, దేహమునకు తగిన తరగతిని ఎంచుకొనుటయే మేలు. త్రాసు బరువును మాత్రమే చెప్పగలదు, బలమును చెప్పజాలదు.